లగ్జరీ కారు ముందు అద్దం మార్పిస్తున్నారా? ఖర్చు లెక్క ఇలా వేసుకోండి

"విండ్‌షీల్డ్ మార్చడానికి ఎంతవుతుంది?" అని అడిగేవాళ్లు కారు పేరు, మోడల్, కొన్న ఏడాది చెప్పి ఊరుకుంటారు. ఆ మూడింటితో సరైన లెక్క చెప్పడం ఎవరివల్లా కాదు. ఒకే మోడల్, ఒకే ఏడాది కార్లు రెండు పక్కపక్కన నిలబెట్టినా, వాటి అద్దాలు వేరువేరుగా ఉండొచ్చు. ఒకదాంట్లో వేగం లాంటివి అద్దం మీదే చూపించే హెడ్-అప్ డిస్‌ప్లే ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. బిల్లులో పెద్ద తేడా అక్కడే వస్తుంది.

అందుకే ముందు మీ అద్దంలో ఏముందో తెలుసుకోండి, ధర తర్వాత అడగండి. ఈ వరుస తప్పినవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు.

## 1. రాయి తగిలిన రోజే చేయాల్సినవి

చిన్న చుక్కే కదా అని వదిలేస్తే అది రెండు మూడు రోజుల్లో బారెడు పగులు కావచ్చు. ఎండ, ఏసీ చలి, గతుకుల కుదుపు, డోర్ గట్టిగా వేసిన అదురు, వీటిలో ఏ ఒక్కటైనా చాలు.

- దెబ్బ తగిలిన చోట బయటివైపు పారదర్శకమైన టేప్ అంటించండి. దుమ్ము, నీరు లోపలికి దిగితే తర్వాత రిపేర్ నిలవదు.
- పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీయండి. సైజు తెలుస్తుంది, ఇన్సూరెన్స్‌కూ పనికొస్తుంది.
- ఏసీ గాలిని, హీటర్ గాలిని నేరుగా అద్దం మీదికి వదలకండి.
- ఎండలో కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు పోయకండి. కారు వాష్ జోలికి వెళ్లకండి.
- నీడలో పార్క్ చేయండి. డోర్లు మెల్లగా వేయండి.

పగులు డ్రైవర్ కంటికి అడ్డం వస్తున్నా, అద్దం లోపలికి ఉబ్బినట్టు కనిపించినా కారు నడపొద్దు. టోయింగ్ పిలవండి.

## 2. మార్చాలా, రిపేర్‌తో సరిపోతుందా?

ముందు అద్దం ఒకటే పలక కాదు. రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. మామూలుగా దాని మందం 0.76 మి.మీ. రాయి తగిలినప్పుడు తరచూ బయటి పలకే దెబ్బతింటుంది. ఆ గాయంలోని గాలి లాగేసి, రెసిన్ ఎక్కించి, యూవీ లైటుతో గట్టిపరిస్తే పగులు పాకదు. అద్దం మొత్తం మార్చే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చిన్న మొత్తం.

రిపేర్ కుదరాలంటే ఇవన్నీ ఉండాలి:

- చుక్క సుమారు రెండున్నర సెంటీమీటర్ల లోపు ఉండాలి.
- దెబ్బ బయటి పలకకే పరిమితమై ఉండాలి. లోపలివైపు వేలితో తడిమితే నున్నగా తగలాలి.
- పగులు అద్దం అంచును తాకకూడదు.
- డ్రైవర్ కంటికి ఎదురుగా ఉండకూడదు.
- లోపలినుంచి ముందు దారిని గమనించే కెమెరా ఉంటే, అది చూసే భాగంలో ఉండకూడదు.

రిపేర్ చేసిన చోట లేత మచ్చ మిగులుతుంది. అది అసలు కనిపించదని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. డ్రైవర్ ఎదుట, కెమెరా ముందు రిపేర్ వద్దనడానికి కారణం ఆ మచ్చే.

ఈ షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా మార్చాల్సిందే. ఇక కింది వరుస చూడండి.

## 3. మీ అద్దంలో ఏమేం ఉన్నాయో కాగితం మీద పెట్టండి

ఖర్చును నిర్ణయించేది ఈ అడుగే. పది నిమిషాల పని, కాస్త ఓపిగ్గా చేయండి.

విన్ నంబర్. కారు గుర్తింపు నంబర్ ఇది, 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. డాష్‌బోర్డ్ మీద అద్దం కింది మూలలో బయటినుంచి కనిపిస్తుంది, లేదా డ్రైవర్ డోర్ ఫ్రేమ్ మీద, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉంటుంది. ఫ్యాక్టరీలో మీ కారుకు ఏ అద్దం బిగించారో కంపెనీ సిస్టమ్‌లో ఈ నంబర్‌తోనే దొరుకుతుంది. పార్ట్ నంబర్ దీన్నిబట్టే తీయించండి.

అద్దం మూలలోని ముద్ర. కింది మూలలో సన్నటి అక్షరాలతో ఒక గుర్తు ఉంటుంది. ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. గాజు తయారుచేసిన కంపెనీ పేరు, ఆమోదం గుర్తులు అందులో ఉంటాయి. వృత్తంలో E అనే ఇంగ్లిష్ అక్షరం, పక్కన అంకె ఉంటే అది ఐరోపా నిబంధనల ప్రకారం ఆమోదం ఇచ్చిన దేశాన్ని చెబుతుంది. 1 అంటే జర్మనీ, 2 అంటే ఫ్రాన్స్. శబ్దం తగ్గించే అద్దమైతే అకౌస్టిక్ అన్న మాటో, చెవి బొమ్మో ఉండొచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నవాళ్లు ఇక్కడ ఇంకో పని చేయాలి. ఈ ముద్రను పక్క అద్దాల ముద్రతో పోల్చండి. కంపెనీ పేరు వేరైనా, తయారీ ఏడాది తేడాగా ఉన్నా, పాత యజమాని ముందు అద్దం ఒకసారి మార్పించి ఉండొచ్చు. అప్పుడు "ఇప్పుడున్న లాంటిదే వేయండి" అంటే పాత తప్పునే మళ్లీ బిగించుకున్నట్టు. విన్ నంబర్ చెప్పే అద్దమే మీ కారు అద్దం.

సౌకర్యాల జాబితా. కార్లో కూర్చుని ఒక్కొక్కటి చూసి టిక్ పెట్టుకోండి:

- లోపలి రియర్ వ్యూ మిర్రర్ వెనక కెమెరా ఉందా? ఒకటా, రెండా?
- వర్షం పడగానే వైపర్లు వాటంతటవే తిరుగుతాయా? అయితే రెయిన్ సెన్సర్ ఉన్నట్టు.
- వేగం, దారి గుర్తులు అద్దం మీద కనిపిస్తాయా? అది హెడ్-అప్ డిస్‌ప్లే.
- వైపర్లు ఆనే చోట గానీ, అద్దమంతా గానీ వెంట్రుకలంత సన్నటి తీగలు ఉన్నాయా? అది వేడెక్కే అద్దం.
- పక్కనుంచి చూస్తే లేత ఊదా లేదా ఆకుపచ్చ మెరుపు కనిపిస్తుందా? వేడిని తిప్పికొట్టే పూత ఉండొచ్చు.
- అద్దంలో యాంటెనా ఉందా?
- పైన ముదురు రంగు పట్టీ ఉందా? ఏ రంగు?

హెడ్-అప్ డిస్‌ప్లే ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. మామూలు అద్దంలో లోపలి ముఖం మీద ఒక ప్రతిబింబం, బయటి ముఖం మీద ఇంకో ప్రతిబింబం పడి, అంకెలు రెండుగా కనిపిస్తాయి. అందుకని ఈ అద్దాల్లో మధ్య పొరను ఒకే మందంతో కాకుండా పైన కాస్త మందంగా, కింద పలుచగా చేస్తారు. రెండు ప్రతిబింబాలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. కంటితో చూస్తే ఈ తేడా తెలియదు. సైజు, వంపు అంతా ఒకటే.

మా స్నేహితుడి కారు విషయంలో జరిగింది ఇదే. అన్నిటికంటే తక్కువ కొటేషన్ ఇచ్చినచోట మార్పించాడు. పగలు బాగానే ఉంది. చీకటి పడ్డాక నేనూ పక్క సీట్లోంచి అటు వంగి చూశాను. అద్దం మీద 60 అన్న అంకె, దాని పైన నీడలా ఇంకో 60. కళ్లు నులుముకుని చూసినా అంతే. డిస్‌ప్లే లేని కారు అద్దం బిగించారు. ఆ అద్దాన్ని మళ్లీ కోసి తీసి, సరైనది తెప్పించే సరికి రెండు అద్దాల ఖర్చయింది. పార్ట్ నంబర్ ముందే రాయించుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది. ఇప్పటికీ బాధేస్తుంది.

## 4. ఏ అద్దం వేయించాలి?

మూడు రకాలు దొరుకుతాయి.

కార్ కంపెనీ లోగో ఉన్నది. ధర అన్నిటికంటే ఎక్కువ. సరిపోతుందా లేదా అన్న టెన్షన్ ఉండదు.

అదే గాజు కంపెనీ, లోగో లేకుండా. కార్ కంపెనీలు అద్దాలను సాధారణంగా సెయింట్ గోబెయిన్ సెక్యూరిట్, పిల్కింగ్టన్, ఏజీసీ, ఫుయావో లాంటి గాజు కంపెనీల నుంచే తెచ్చుకుంటాయి. మీ పాత అద్దం తయారుచేసిన కంపెనీదే, అవే సౌకర్యాలతో, లోగో లేకుండా దొరికితే డబ్బు ఆదా చేయడానికి మంచి మార్గం. వారంటీ అయిపోయిన కారుకు నేనైతే మొదట దీనికోసమే వెతుకుతాను.

మరో కంపెనీ తయారుచేసినది. కెమెరా, డిస్‌ప్లే లేని పాత మోడళ్లకు పర్వాలేదు. కెమెరా ఉంటే ఆ భాగంలో గాజు స్పష్టత, బ్రాకెట్ కూర్చునే తీరు చాలా కచ్చితంగా ఉండాలి. అక్కడ ఏ కాస్త తేడా ఉన్నా క్యాలిబ్రేషన్, అంటే కెమెరా చూపును సరిగ్గా సెట్ చేయడం, కుదరదు. కొన్ని కార్ కంపెనీలు తమ లోగో అద్దమే వాడాలని సర్వీస్ సూచనల్లో రాస్తాయి. మీ కారు వారంటీలో ఉంటే ఆ సూచన ఏమిటో ముందే అడిగి తెలుసుకోండి.

## 5. కొటేషన్ అడిగే పద్ధతి

ఫోన్లో నోటిమాటగా ధర అడగకండి. కనీసం మూడు చోట్లకు ఒకే సందేశం పంపండి. ఒకటి కంపెనీ సర్వీస్ సెంటర్, మిగతా రెండు అద్దాల పనే చేసే వర్క్‌షాపులు అయితే మంచిది. సందేశం ఇలా ఉండాలి:

"మా కారు విన్ నంబర్ ఇది. అద్దంలో ఇవి ఉన్నాయి: కెమెరా, రెయిన్ సెన్సర్, హెడ్-అప్ డిస్‌ప్లే. పార్ట్ నంబర్, గాజు కంపెనీ పేరు, ఒక్కో పనికి విడివిడిగా ధర రాసి పంపండి. క్యాలిబ్రేషన్ కలిపి చెప్పారో లేదో స్పష్టంగా రాయండి."

వచ్చిన కొటేషన్‌లో ఈ వరుసలు ఉన్నాయేమో చూడండి:

- అద్దం, దాని పార్ట్ నంబర్
- చుట్టూ వచ్చే బీడింగ్, క్లిప్పులు
- అద్దం అంటించే గమ్, ప్రైమర్
- రెయిన్ సెన్సర్ కింద పెట్టే జెల్ ప్యాడ్
- పాతది తీసి కొత్తది బిగించే కూలి
- కెమెరా క్యాలిబ్రేషన్
- స్కానింగ్ (స్కానర్ తగిలించి కారులో లోపాలు చూడడం): పని ముందు, పని తర్వాత
- పన్నులు
- వారంటీ: నీరు కారితే, గాలి శబ్దం వస్తే ఎన్నాళ్లు, ఎవరి బాధ్యత

మొత్తం చూసి పోల్చకండి, వరుసకు వరుస పోల్చండి. తక్కువగా కనిపించే కొటేషన్‌లో చాలాసార్లు క్యాలిబ్రేషన్ ఉండదు, బీడింగ్ పాతదే వాడతారు. ఆ రెండూ కలిపి చూస్తే తేడా కరిగిపోతుంది.

ముందే తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అద్దం తీశాక ఫ్రేమ్ మీద తుప్పు బయటపడొచ్చు. అది బాగుచేయకుండా అంటిస్తే గమ్ పట్టు నిలవదు. "తుప్పు ఉంటే పని ఆపి, ఫొటో పంపి, ధర చెప్పి, నేను సరేనన్నాకే ముందుకెళ్లండి" అని రాతపూర్వకంగా చెప్పండి.

## 6. క్యాలిబ్రేషన్ ఖర్చు ఎగ్గొట్టకండి

"లైట్లేవీ వెలగడం లేదు కదా, క్యాలిబ్రేషన్ దేనికి?" అని అడుగుతుంటారు. డాష్‌బోర్డ్ మీద హెచ్చరిక రాకపోయినంత మాత్రాన కెమెరా సరిగ్గా చూస్తున్నట్టు కాదు.

లెక్క చూడండి. కెమెరా చూపు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే, 50 మీటర్ల దూరంలో అది దాదాపు 87 సెంటీమీటర్లు తప్పుతుంది. 100 మీటర్ల దగ్గర 1.75 మీటర్లు. పక్క లేన్‌లో వెళ్తున్న వాహనం మన ముందున్నట్టు కారుకు అనిపించొచ్చు. అనవసరంగా బ్రేక్ పడుతుంది, లేదా పడాల్సినప్పుడు పడదు.

పద్ధతులు రెండు. వర్క్‌షాప్‌లోనే కారు ముందు కొలత ప్రకారం బోర్డులు నిలబెట్టి చేసేది ఒకటి. స్కానర్ తగిలించి, లేన్ గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద నిర్ణీత వేగంతో నడిపి చేసేది రెండోది. కొన్ని కార్లకు రెండూ కావాలి. ఏది కావాలన్నది కార్ కంపెనీ నిర్ణయిస్తుంది, మెకానిక్ ఇష్టం కాదు.

బోర్డులతో చేసేచోట ఇవి అడగండి:

- నేల సమతలంగా ఉందా? బోర్డుల ముందు సరిపడా ఖాళీ ఉందా?
- టైర్లలో గాలి సరిగ్గా ఉందా?
- డిక్కీలో బరువులు తీసేశారా?
- పని అయ్యాక తేదీ, విన్ నంబర్ ఉన్న రిపోర్టు ఇస్తారా?

రిపోర్టు లేకపోతే క్యాలిబ్రేషన్ జరగనట్టే లెక్క. డబ్బు కట్టేముందే అడిగి తీసుకోండి.

## 7. ఇన్సూరెన్స్ వాడుకోవాలా, చేతినుంచి కట్టుకోవాలా?

పాలసీ తెరిచి మూడు విషయాలు చూడండి: గాజుకు విడిగా కవర్ ఉందా, మీ వాటాగా ఎంత కట్టాలి, క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుందా. కొన్ని పాలసీల్లో అద్దం క్లెయిమ్‌కు బోనస్ పోదు.

తర్వాత లెక్క వేయండి. ఉదాహరణకు మొత్తం బిల్లు 100 అనుకుందాం. మీ వాటా 10, బోనస్ పోవడం వల్ల వచ్చే ఏడాది పెరిగే ప్రీమియం 25 అయితే, క్లెయిమ్ చేసినా మీకు 35 ఖర్చవుతుంది. ఇంకా 65 మిగులుతుంది కాబట్టి క్లెయిమ్ మంచిదే. రెసిన్ రిపేర్ లాంటి చిన్న బిల్లుకు ఇదే లెక్క తలకిందులవుతుంది.

సర్వేయర్ చూడకముందే, లేదా కంపెనీ అనుమతి రాకముందే అద్దం తీయించకండి. క్యాలిబ్రేషన్ ఖర్చు కూడా క్లెయిమ్‌లో వస్తుందా అన్నది మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి.

## 8. బిగించే రోజు దగ్గరుండి చూడాల్సినవి

వీలైతే ఆ రోజు సెలవు పెట్టుకోండి. కారు ఇచ్చేముందు డాష్‌క్యామ్, టోల్ ట్యాగ్, స్టిక్కర్లు తీసేయండి. మీటర్లో వెలుగుతున్న లైట్లను, డాష్‌బోర్డ్‌ను, పక్క స్తంభాల ప్లాస్టిక్‌ను, బానెట్ అంచును ఫొటో తీయండి.

పాత అద్దం తీశాక ఫ్రేమ్ చుట్టూ నల్లటి గమ్ గట్టుగా మిగులుతుంది. మంచి పనివాడు దాన్ని ఇనుము కనిపించేదాకా గీకేయడు. పదునైన కత్తితో పైపైన చెక్కి, ఒకటి రెండు మిల్లీమీటర్ల పలుచటి పొర మిగులుస్తాడు. కొత్త గమ్‌కు అదే మంచి పునాది. ఎక్కడైనా పెయింట్ గీసుకుపోతే అక్కడ ప్రైమర్ రాస్తాడు. కొత్త అద్దం అంచును తుడిచాక చేతి వేళ్లతో తాకడు, ఎందుకంటే వేలి జిడ్డు ఉన్నచోట గమ్ పట్టదు. గ్లవ్స్ వేసుకున్నాడో లేదో చూస్తే మనిషి పనితనం సగం తెలిసిపోతుంది.

గమ్ ట్యూబ్ మీద గడువు తేదీ చూడండి. అడగడానికి మొహమాటపడొద్దు. ప్రమాదంలో కారు పైకప్పు నలగకుండా అద్దం కూడా ఆసరా ఇస్తుంది. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు అద్దాన్నే ఆనుకుంటుంది. ఆ దెబ్బకు అద్దం ఊడకుండా పట్టుకునేది ఈ గమ్మే.

ఎప్పుడు నడపొచ్చు అన్నది గమ్ రకాన్నిబట్టి, వాతావరణాన్నిబట్టి మారుతుంది. ఎక్కువగా వాడే రకం గాలిలో తేమ తీసుకుని గట్టిపడుతుంది, కాబట్టి చలిగా, పొడిగా ఉన్నరోజు ఆలస్యమవుతుంది. గంటలో నడపగలిగేవి ఉన్నాయి, చాలా గంటలు ఆగాల్సినవీ ఉన్నాయి. "ఇన్ని గంటలకు బయల్దేరొచ్చు" అని బిల్లు మీద రాయించుకోండి.

## 9. తాళం తీసుకునేముందు పరీక్ష

- ముద్రలోని కంపెనీ పేరు, సౌకర్యాలు కొటేషన్‌తో సరిపోయాయా?
- డ్రైవర్ సీట్లోంచి దూరంగా ఉన్న నిలువు గీతను చూస్తూ తల అటూ ఇటూ కదపండి. గీత వంకర తిరిగితే అద్దంలో లోపం ఉన్నట్టు.
- చుట్టూ సందు ఒకేలా ఉందా? బీడింగ్ ఎక్కడైనా లేచిందా?
- రెయిన్ సెన్సర్ దగ్గర బయటినుంచి చూస్తే గాలి బుడగలు కనిపిస్తున్నాయా?
- హెడ్-అప్ డిస్‌ప్లే చీకట్లో, లేదా గుడ్డ కప్పి చూడండి. అంకె ఒక్కటిగా ఉండాలి.
- హీటర్, వైపర్, వాషర్, రేడియో, జీపీఎస్ అన్నీ ఆన్ చేసి చూడండి.
- మీటర్లో కొత్త లైటేమైనా వెలిగిందా?

## 10. మొదటి రెండు రోజులు

ఒక కిటికీ అద్దం వేలెడంత దించి ఉంచండి. అన్నీ బిగించి డోర్ గట్టిగా వేస్తే లోపలి గాలి ఒత్తిడి పచ్చిగా ఉన్న గమ్‌ను బయటికి తోస్తుంది. అంటించిన టేపులు వాళ్లు చెప్పినన్ని గంటలు ఉంచండి, చూడ్డానికి బాగోలేదని పీకేయకండి. ప్రెషర్ వాష్ వద్దు. గతుకుల రోడ్డు, హైవే వేగం తప్పించగలిగితే తప్పించండి.

## 11. తర్వాత సమస్య వస్తే

నీరు కారుతోంది. నీళ్ల పైపుతో మెల్లగా, కింది అంచు నుంచి పైకి వెళ్తూ తడపండి, ఇంకొకరు లోపల కూర్చుని చూడాలి. తడి ఎక్కడ మొదలైందో ఫొటో తీసి వారంటీ కింద చూపించండి. పైపైన సిలికాన్ పూసి పంపిస్తామంటే ఒప్పుకోకండి. నీరు దిగిన చోట గమ్ పట్టలేదని అర్థం, అద్దం తీసి మళ్లీ అంటించాలి.

వేగంగా వెళ్తే ఈల శబ్దం. బీడింగ్ మీద ముక్కముక్కగా టేప్ వేసి, ఒక్కో ముక్కా తీస్తూ నడపండి. ఏ ముక్క తీశాక శబ్దం వచ్చిందో అక్కడే తప్పు. అద్దమంతటి నుంచీ హోరు పెరిగితే అకౌస్టిక్ అద్దం బదులు మామూలుది వేశారేమో ముద్ర చూడండి.

వాన లేకుండానే వైపర్లు తిరుగుతున్నాయి. సెన్సర్ కింద జెల్ ప్యాడ్‌లో గాలి చేరింది. ఆ సెన్సర్ గాజులోకి పరారుణ కాంతి పంపి, తిరిగి వచ్చేదాన్ని చూసి వానను గుర్తిస్తుంది. బుడగ ఉంటే లెక్క తప్పుతుంది. కొత్త ప్యాడ్ వేయించండి, సెన్సర్ మార్చాలంటే మాత్రం ఆగి ఇంకోచోట అడగండి.

టోల్ ట్యాగ్ పనిచేయడం లేదు. వేడిని తిప్పికొట్టే లోహపు పూత సిగ్నల్‌ను ఆపుతుంది. అలాంటి అద్దాల్లో తరచూ లోపలి రియర్ వ్యూ మిర్రర్ దగ్గర పూత లేని చిన్న భాగం వదులుతారు. మాన్యువల్లో అదెక్కడో చూసి ట్యాగ్ అక్కడ అంటించండి.

లేన్ హెచ్చరిక తప్పుగా వస్తోంది. ఆ ఫీచర్ ఆపేసి ఊరుకోకండి. క్యాలిబ్రేషన్ రిపోర్టు పట్టుకుని అదే వర్క్‌షాప్‌కు వెళ్లి, మళ్లీ చేయించి కొత్త రిపోర్టు తీసుకోండి. రెండోసారీ కుదరకపోతే కెమెరా బ్రాకెట్ గానీ, అద్దం గానీ తేడా ఉన్నట్టు. పార్ట్ నంబర్ రాసిన కొటేషన్ చూపించి అద్దం మార్చమని అడగండి.